ఎన్నిక కానివారి భాగము

2019వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన సూరత్ నగరమందలి లాల్‌భాయి కాంట్రాక్టరు క్రీడామైదానములో భారత మహిళల జట్టునకును దక్షిణాఫ్రికా మహిళల జట్టునకును ఇరువది ఓవర్ల క్రికెట్ పోటీ జరిగెను. మగ్గముల మ్రోతకును వజ్రముల సానకును పేరుగన్న పట్టణమది. తెలంగాణ పల్లెలనుండి బ్రదుకుతెరువు వెదకుకొనుచు వెళ్లిన నేతపనివారి కుటుంబములు అనేకము అక్కడ స్థిరపడి, ఇంట తెలుగు మాటలాడుకొనుచు తమ పిల్లలను పెంచుకొనుచున్నవి. ఆ దినమున భారత జట్టు ఆటను ఆరంభించుటకు మైదానములోనికి నడచిన ఇద్దరిలో ఒకరు పదునైదేండ్ల బాలిక. ఆమె పేరు షెఫాలీ వర్మ. హర్యానాలోని రోహ్‌తక్ ఆమె ఊరు. అంతర్జాతీయ క్రీడలో అదే ఆమె మొదటి దినము. ఒక్క పరుగైనను చేయకయే ఆమె వెనుదిరిగెను.

ఆ బాలిక నిలిచిన స్థానము మూడు వారములకు పూర్వము మరియొకరిది. సికింద్రాబాదులో పెరిగి, 1999లో పదునారేండ్ల ప్రాయమున తన మొదటి అంతర్జాతీయ పోటీలోనే ఐర్లండుపై 114 పరుగులు చేసి అజేయముగా నిలిచిన మిథాలీ రాజ్, సెప్టెంబరు 3వ తేదీన ఇరువది ఓవర్ల ఆటనుండి విరమించుకొనుచున్నట్లు ప్రకటించెను. అప్పటికి ఆమె ఆ ఆటలో 89 పోటీలాడి 2,364 పరుగులు చేసియుండెను. స్త్రీలలోనే గాక పురుషులలోను భారతదేశము తరఫున ఆ ఆటలో 2,000 పరుగులు మొదట దాటినది ఆమెయే. అయినను ఆమె విరమణను గూర్చి మాటలాడినవారు పరుగుల లెక్కతో ఆగలేదు. అంతకు పది నెలల క్రిందట జరిగిన ఒక ఎన్నిక అనేకుల మనస్సులలో ఇంకను మానని గాయముగానే యుండెను.

2018 నవంబరులో వెస్టిండీస్ దీవులలో మహిళల ప్రపంచ ఇరువది ఓవర్ల పోటీలు జరిగెను. పాకిస్తానుపై 56 పరుగులు, ఐర్లండుపై 51 పరుగులు చేసిన మిథాలీ, మోకాలి నొప్పిచేత ఆస్ట్రేలియాతో జరిగిన పోటీలో ఆడలేదు. ఆమె లేకయే జట్టు ఆ బలమైన ప్రత్యర్థిని 48 పరుగుల తేడాతో ఓడించెను. తరువాత ఆంటిగ్వా దీవిలో ఇంగ్లండుతో సెమీఫైనలు. మిథాలీ ఆరోగ్యవంతురాలై యుండినను, కోచ్ రమేశ్ పొవార్, కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ మొదలైనవారు గెలిచిన జట్టునే మరల దించిరి. రెండు వికెట్లకు 89 పరుగులతో నిలుకడగా నున్న జట్టు 112 పరుగులకే కుప్పకూలెను. ఇంగ్లండు ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచెను. జట్టు మేలుకొరకే ఆ నిర్ణయము చేసితిమనియు, దానికి విచారపడుట లేదనియు హర్మన్‌ప్రీత్ చెప్పెను. పిమ్మట మిథాలీ వ్రాసిన లేఖయు, కోచ్ ఇచ్చిన నివేదికయు పత్రికలకెక్కెను. ఆ నెలాఖరుతో కోచ్ పదవీకాలము ముగిసెను.

దేశమంతట వాదము చెలరేగెను. ఇంతటి అనుభవముగల క్రీడాకారిణిని, రెండు అర్ధశతకములు చేసి రెండు పోటీలలోను ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచినదానిని, కీలకదినమున కూర్చుండబెట్టుట అన్యాయమని కొందరనిరి. ఆటలో వేగము ముఖ్యము, గెలిచిన జట్టును కదల్చరాదు, జట్టుకంటె వ్యక్తి గొప్పకాదు అని మరికొందరనిరి. ఇది ఆటను గూర్చిన వాదమువలె కనబడును. నిజమునకు అంతకంటె లోతైనది. అనేకుల మేలుకొరకు ఒకరిని ప్రక్కకు నిలుపు అధికారము గలవాడు, ఆ ప్రక్కకు నిలుపబడినవారికి ఏమైన అచ్చియున్నాడా? అచ్చియున్నయెడల, ఏమి అచ్చియున్నాడు?

ఈ ప్రశ్నను విచారించుటకు ముందు త్రోవకడ్డముగా నున్న ఒక పొరపాటును తొలగించవలెను. ఫలితమునుబట్టి ఎన్నికను తీర్పు తీర్చుటయే ఆ పొరపాటు. ఇంగ్లండుపై భారత జట్టు ఓడినది గనుక కోచ్ తప్పుచేసెనని అనేకులు తేల్చివేసిరి. గెలిచియుండినయెడల ఆ నోళ్లే ఆయనను ధైర్యశాలియని మెచ్చుకొనియుండును. కాని ఆంటిగ్వాలో తీసికొనిన నిర్ణయము ఆటకు ముందు తీసికొనినది. ఓటమి ఆట తరువాత వచ్చినది. తరువాత వచ్చినదానినిబట్టి ముందున్నదానిని తూచుట న్యాయమైన త్రాసు కాదు.

దీనికి ప్రతిగా తెలుగువారు మరువని మరియొక ఎన్నికను చూడవచ్చును. 2001 మార్చిలో కలకత్తా మైదానమున ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసిన హైదరాబాదు క్రీడాకారుడు వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను 2003 ప్రపంచకప్ జట్టులోనికి తీసికొనలేదు. ఆ స్థానమున దినేశ్ మోంగియా వెళ్లెను. లక్ష్మణ్ లేని ఆ జట్టు ఫైనలు వరకు సాగెను. అంతమాత్రముచేత లక్ష్మణ్ హృదయవేదన అబద్ధమని ఎవరైన అనగలరా? ఒక చోట ఓటమి కోచ్‌ను దోషిగా రుజువు చేయలేదు. మరియొక చోట విజయపరంపర ఎన్నికచేసినవారిని నిర్దోషులుగా రుజువు చేయలేదు. పరుగుల పట్టికకు న్యాయాన్యాయములు తెలియవు.

ఫలితమును ప్రక్కకుంచిన తరువాత అసలు ప్రశ్న నిలుచును. ఒక స్థానము ఎవరికి చెందినది? ఇరువది సంవత్సరములు సేవచేసినవారికి ఆ స్థానము హక్కుగా సంక్రమించునా? సంక్రమించదనియే చెప్పవలెను. జట్టులో స్థానములు పదకొండు మాత్రమే. 1999లో పదునారేండ్ల మిథాలీ ఆ పదకొండుగురిలో చేరిన దినమున మరియొకరెవరో బయట కూర్చుండియే యుందురు. సూరత్‌లో పదునైదేండ్ల షెఫాలీ ఎట్లు నిలిచెనో, మిల్టన్ కీన్స్‌లో మిథాలీ అట్లే నిలిచెను. స్థానము పనికి సంబంధించినది. దానిని నింపువారు దానికి యజమానులు కారు, కొంతకాలము అప్పగింపబడినవారు మాత్రమే. ఈ సంగతిని అంగీకరింపనివారు తమకు దొరకిన స్థానమును ఆస్తిగా భావించి, అది చేజారిన దినమున తమ బ్రదుకే చేజారినదని కృంగిపోవుదురు.

ఐతే స్థానము హక్కు కాదనుటచేత ఎన్నికచేయువాని బాధ్యత తీరిపోదు. స్థానము వేరు, గౌరవము వేరు. స్థానమును తీసివేయు అధికారము అతనికి ఇయ్యబడినది. గౌరవమును తీసివేయు అధికారము ఎవరును అతనికి ఇయ్యలేదు. ఈ రోజున ఈ పనికి నీకంటె మరియొకరు తగియున్నారు అని చెప్పుట ఎన్నిక. నీవు విలువలేనిదానవు అని మాటచేతగాని, మౌనముచేతగాని, ముఖము త్రిప్పుకొనుటచేతగాని తెలియజేయుట అవమానము. మొదటిది చేయుటకు వెళ్లి రెండవది చేయువారు అనేకులు. వారు తమకు తెలియకుండగనే గీటు దాటుదురు. ఏలయనగా ఒకరిని తీసివేయుట కష్టమైనప్పుడు, ఆ మనిషి అందుకు తగినదేయని తన మనస్సునకు తాను నమ్మబలుకుకొనుట సులభము.

కావున ప్రక్కకు నిలుపబడినవారికి ఎన్నికచేయువాడు మూడు సంగతులు అచ్చియున్నాడు.

మొదటిది, నిజమైన కారణము. వేగము చాలదని తలంచి, మోకాలి నొప్పియని చెప్పరాదు. అయిష్టమును జట్టు మేలు అను ముసుగులో దాచరాదు. కారణము పైకి చెప్పుటకు సిగ్గుపడదగినదైనయెడల, ఆ ఎన్నికయే సిగ్గుపడదగినది.

రెండవది, ముఖాముఖిగా చెప్పుట. తనను తీసివేసిన సంగతి ఇతరుల నోట వినుటకంటె చేదైనది లేదు. లోకము వినకముందు ఆ మనిషి వినవలెను. వినినప్పుడు ప్రశ్నించుటకు సమయముండవలెను. ఎన్నికచేయువాడు ఆ కన్నీటియెదుట కొంతసేపు నిలువబడగలిగినయెడల, అతడు ఆ పనికి తగినవాడు.

మూడవది, భాగము. ఆడినవారికిని ఆడనివారికిని విజయములో పాలుండవలెను. ఈ మూడవ సంగతిని లోకము తరచుగా మరచిపోవును. లేఖనము మాత్రము దానిని చట్టముగా నిలిపినది. దావీదు అమాలేకీయులను తరుముచు వెళ్లినప్పుడు ఆయన ఆరువందలమందిలో ఇన్నూరుగురు అలసటచేత బెసోరు వాగునొద్ద ఆగిపోయిరి. తిరిగివచ్చిన దినమున యుద్ధముచేసినవారిలో కొందరు, వెనుక నిలిచినవారికి దోపుడుసొమ్ములో ఏమియు ఇయ్యరాదనిరి. దావీదు ఒప్పుకొనలేదు. పోరాడినవానికెంతయో సామాను కాచినవానికిని అంతయే పంచిపెట్టి, ఇశ్రాయేలీయులకు దానిని కట్టడగా నియమించెను (1 సమూయేలు 30). దావీదు వారినందరిని యుద్ధమునకు లాగుకొనిపోలేదు. యుద్ధమునకు శక్తిచాలనివారిని వాగునొద్దనే నిలిపెను. నిలుపుటలో పక్షపాతము లేదు, పంచుటలో భేదము లేదు. ఎన్నికయు కరుణయు ఒకే హృదయములో నివసింపగలవని ఆ వాగు సాక్ష్యమిచ్చుచున్నది.

ఎన్నికనుగూర్చి వివాదపడినవారు అపొస్తలులలోనే యున్నారని మరువరాదు. పౌలును బర్నబాయు రెండవసారి ప్రయాణమునకు సిద్ధపడినప్పుడు, మార్కు అను యోహానును వెంటబెట్టుకొనవలెనని బర్నబా కోరెను. మొదటి ప్రయాణమున పంఫూలియలో తమ్మును విడిచి వెళ్లినవానిని తీసికొనిపోవుట తగదని పౌలు తలంచెను. వాదము తీవ్రమై ఇద్దరును వేరైపోయిరి, బర్నబా మార్కుతో కుప్రకు, పౌలు సీలతో సిరియ కిలికియల మీదుగా వెళ్లిరి (అపొ. కార్యములు 15). ఎవరు న్యాయవంతులో లూకా వ్రాయలేదు. పౌలు పనిని చూచెను. బర్నబా మనిషిని చూచెను. పనిని చూచినవాడు కఠినుడని గాని, మనిషిని చూచినవాడు తన బంధువుపట్ల పక్షపాతియని గాని గ్రంథము తీర్పు తీర్చలేదు. కాని కథ అక్కడ ముగియలేదు. ఏండ్లు గడచిన తరువాత చెరసాలలో నున్న పౌలు తిమోతికి వ్రాయుచు, మార్కును వెంటబెట్టుకొని రమ్మనెను. పరిచర్యకు అతడు తనకు ప్రయోజనకరమైనవాడని సాక్ష్యమిచ్చెను (2 తిమోతి 4). ఒకనాడు అతనిని వద్దనిన నోరే మరియొకనాడు అతనిని పిలిచెను. ఆ మొదటి ఎన్నిక సరియైనదో కాదో తెలియదు. అది తలుపును శాశ్వతముగా మూసివేయలేదు అనునది మాత్రము తెలియును.

ఆంటిగ్వా కథకును ఇట్టి తరువాతి అధ్యాయమొకటి కలదు. 2021 మే నెలలో రమేశ్ పొవార్ తిరిగి భారత మహిళల జట్టునకు కోచ్‌గా నియమింపబడెను. అప్పటికి ఏబది ఓవర్ల జట్టునకు కెప్టెన్ మిథాలీ రాజ్. బహిరంగముగా ఒకరినొకరు నిందించుకొనిన ఆ ఇద్దరును ఒకే జట్టునకు పనిచేయవలసి వచ్చెను. 2022లో న్యూజిలాండులో జరిగిన ప్రపంచకప్ వరకు కలిసి పనిచేసిరి. వారి హృదయములలో ఏమి జరిగెనో బయటివారికి తెలియదు. అయినను, మొదటి గాయమే చివరిమాట కానక్కరలేదని వారి పని చూపినది. ఆ సంవత్సరము జూను నెలలో మిథాలీ క్రీడాజీవితమునుండి విరమించెను.

ఇక సూరత్‌లో సున్నతో వెనుదిరిగిన బాలిక సంగతి. ఆ దినపు అంకెనుబట్టి తీర్పు తీర్చినయెడల ఆమెను మరల ఆడింపగూడదు. కాని జట్టు ఆమెను విడువలేదు. ఒక వారము తరువాత, అక్టోబరు 1వ తేదీన, అదే సూరత్ మైదానములో ఆమె 33 బంతులలో 46 పరుగులు చేసెను. ఏండ్లు గడచెను. 2025 ప్రపంచకప్‌కు జట్టును ప్రకటించినప్పుడు ఈసారి షెఫాలీ పేరు అందులో లేదు. ఒకప్పుడు పెద్దలను దాటి స్థానము పొందినది, ఇప్పుడు తాను బయట నిలిచెను. ఆ స్థానమున ఆడిన ప్రతీకా రావల్ 308 పరుగులు చేసి ఎన్నికకు తగినదిగా కనబడెను. అక్టోబరు 26వ తేదీన బంగ్లాదేశ్‌తో ఆడుచు ప్రతీక గాయపడగా, షెఫాలీకి పిలుపు వచ్చెను. నవంబరు 2వ తేదీన నవీ ముంబైలో దక్షిణాఫ్రికాతో జరిగిన ఫైనలులో ఆమె 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసి, ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచెను. భారత మహిళలు మొదటిసారి ప్రపంచకప్ గెలిచిరి.

ఈ కథను వినినవారు వెంటనే, ఎన్నికచేసినవారు ఎంత పొరబడిరో చూడుడు అందురు. అది మరల పాత పొరపాటే. ప్రతీకను ఎన్నుకొనుట తప్పుకాదని ఆమె పరుగులు చెప్పుచున్నవి; షెఫాలీ విలువలేనిది కాదని ఆమె పరుగులు చెప్పుచున్నవి. ఇద్దరు తగినవారు, ఒకే స్థానము. ఒకరిని తీసికొనుట మరియొకరి విలువను గూర్చిన తీర్పు కాదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

గెలిచిన ఆ రాత్రి ప్రతీకా రావల్ చక్రముల కుర్చీలో మైదానములోనికి వచ్చెను. సహచరులు ఆమెను తమ మధ్య నుంచుకొని సంతోషించిరి. పతకములు మాత్రము నిబంధనప్రకారము జట్టు పట్టికలో నున్న పదునైదుగురికే. ఆమె స్థానమున మరియొకరి పేరు చేరియుండుటచేత ఆ రాత్రి ఆమె మెడలో పతకము పడలేదు. ఈ సంగతి తెలిసినప్పుడు ఆట తెలియనివారు సహితము నొచ్చుకొనిరి. ఎందుచేత? ఇది సరి కాదు అని ప్రతి మనుష్యుని లోపలను ఒక స్వరము పలుకును. బెసోరు వాగునొద్ద దావీదు పలికినది ఆ స్వరమునకే. పిమ్మట ఆమెకు పతకము అందెను.

ఆ జట్టునకు కోచ్ అమోల్ ముజుందార్. ప్రథమశ్రేణి క్రీడలో 11,000కు పైగా పరుగులు చేసియు, భారత జట్టు తరఫున ఒక్క పోటీయైనను ఆడుటకు ఎన్నిక కానివాడు ఆయన. జీవితమంతయు పిలుపుకొరకు ఎదురుచూచి, పిలుపు రానివానికి ఇతరులను పిలుచు పని అప్పగింపబడెను. అట్టివాడు రెండు విధములుగా మారవచ్చును. నాకు జరిగినది వీరికిని జరుగనిమ్ము అని కఠినపడవచ్చును. లేక, బయట కూర్చుండుట ఎట్టిదో నేనెరుగుదును అని మెత్తబడవచ్చును. ఎన్నిక కానివాని యెదుట ఎల్లప్పుడు ఈ రెండు త్రోవలే యుండును. ఏ త్రోవను పట్టుకొనునో దానిని మాత్రము అతడే ఎన్నుకొనవలెను. ఆ ఎన్నికను ఎవరును అతనియొద్దనుండి తీసివేయలేరు.

వాదించు అభిమానులకును ఒక బాధ్యత కలదు. ఒడ్డున కూర్చుండి మాటలు చెప్పుట సులభము. కోచ్ సాధనలో ఏమి చూచెనో, ఆ ఉదయమున ఎవరి మోకాలు ఎట్లుండెనో, దూరముననున్నవారికి తెలియదు. తెలియనివారు వాదింపవచ్చును, ఆటయందలి ఆనందములో అదియు ఒక భాగమే. కాని తెలియనివారు శిక్షింపరాదు. అంతేకాక, తన ఊరివారికి స్థానము దొరకనప్పుడు మాత్రమే అన్యాయమని కేకవేసి, తన ఊరివారికొరకు మరియొకరు తొలగినప్పుడు మౌనముగా నుండువాడు న్యాయమును ప్రేమించుట లేదు. తన వారిని ప్రేమించుచున్నాడు. తన వారిని ప్రేమించుట పాపము కాదు. దానికి న్యాయమని పేరుపెట్టుట మాత్రము పక్షపాతము.

ఇది ఆటస్థలముతో ముగియు విషయము కాదు. సంఘములో పెద్దలను ఏర్పరచునప్పుడు, క్రిస్మసు ఆరాధనలో ఎవరు పాడవలెనో నిర్ణయించునప్పుడు, ఏండ్లతరబడి ఆదివారపు బడిలో బోధించిన వృద్ధుని స్థానమున యౌవనస్థుని నిలుపునప్పుడు, ఇదే ప్రశ్న ఎదురగును. సూరత్ మరమగ్గముల షెడ్డులో చూపు తగ్గిన పాతపనివానిని ప్రక్కకు తీసి, క్రొత్తవానికి మగ్గము అప్పగించు మేస్త్రీకిని ఇదే ప్రశ్న. మగ్గము ఆగరాదు, అది నిజము. ఆ పాతపనివాడు అంతవరకు నేసిన బట్ట మాత్రము నేసినట్టే యున్నది, అదియు నిజము. ఈ రెండు నిజములలో ఒకదానిని పట్టుకొని మరియొకదానిని విడుచువాడు సగము మనిషి.

చాలా సంఘములలో వివాదములు పుట్టుట ఎన్నిక తప్పైనందున కాదు. ఎన్నికయైన మరునాడు ఎన్నిక కానివాని యింటికి ఎవరును వెళ్లనందున. పెద్దగా ఏర్పరచుకొనబడినవానిని పూలమాలతో సన్మానింతురు. ప్రక్కకు నిలుపబడినవాడు ఆ ఆదివారము ఆరాధన ముగియగనే ఎవరితోను మాటలాడక గుమ్మము దాటి వెళ్లిపోవును. ఆ గుమ్మమునొద్ద అతని చేయి పట్టుకొనువాడొకడుండినయెడల, ఆ సంఘము చీలియుండదు.